హక్కు పోగొట్టుకోవడానికి తగిన పిల్ల

ఆ పొద్దున నవనీత వాళ్లింట్లో ఉన్నవాళ్లు వీళ్లు: నులక మంచం మీద నాయినమ్మ, ఒళ్లో బీడీల చాటతో అమ్మ, మొహం కడుక్కుంటూ సగంలో ఆగిపోయిన బాపు, ఈ మధ్యే ఈనిన మేక, దాని పిల్ల, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో మండల రాజ్యాంగ వార్తా సమన్వయ అధికారి విశ్వేశ్వరం గారు, ఆయన పక్కన చేతులు కట్టుకుని బడిలో సోషల్ చెప్పే పరంధాములు సారు, గడపలో సెల్‌ఫోను అటూ ఇటూ తిప్పుతూ ఫోటోకి వెలుతురు చూసుకుంటున్న విలేకరి సంపత్. నవనీత కూడా ఉంది. కానీ లోపలి గది తలుపు చాటున ఉంది కనుక ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎనిమిదో తరగతి దాకా వచ్చినా క్లాసులో ఒక్కసారి కూడా నోరు విప్పని పిల్ల ఆమె. హాజరు పిలిచినప్పుడు పక్కనున్న పిల్లే "వచ్చింది సార్" అని చెప్పేది.

"సదరు బాలిక తల్లిదండ్రులు మీరేనా?" అని అడిగారు విశ్వేశ్వరం గారు.

"సదరు ఎవలు సారూ? మా పిల్ల పేరు నవనీత" అన్నాడు బాపు, చెవి మీద సబ్బు నురుగుతో.

"ఆ బాలికే. ఆమెను పాఠశాలలోనికి రానివ్వకుండా నిలువరించాలని మండల స్థాయిలో నిర్ణయం తీసుకోవడమైనది. ఇది తాత్కాలికం, నియంత్రితం, కేవలం విద్యా ప్రయోజనార్థం. మీ సహకారం కోరి వచ్చాం."

బాపు చెవి మీది నురుగు తుడుచుకున్నాడు.

"గింత చిన్న పనికి గింత మంది సార్లు రావాల్నా?" అంది నాయినమ్మ మంచం మీది నుంచి. "మా కాలంల ఆడివిల్లను బడి మాన్పియ్యాలంటే ఇంట్ల ఎవలో ఒకలు ఒక్క మాట అంటుండె. అయిపోతుండె."

బాపు మాత్రం అధికారిని వదిలి పరంధాములు సారు వైపు తిరిగాడు.

"సారూ, మొన్న ఎండాకాలం నేను పిల్లను బడి బంజేపిస్త, వాళ్లమ్మ తోటి బీడీలల్ల కూసుంటది అంటే నువ్వే గద వచ్చినవు. గిదే జాగల నిలవడి, పద్నాలుగేండ్లు నిండేదాకా చదువు పిల్ల హక్కు, అధికరణ ఇరవై ఒకటి ఏ అని నెంబరు గూడ చెప్తివి. నేను ఆ నెంబరుకు భయపడి తోలిచ్చిన. ఇప్పుడు నువ్వే వద్దనవడితివి."

సారు మేకను చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"అప్పుడు హక్కు ఇప్పిద్దామని వచ్చిన అన్నా. ఇప్పుడు అదే హక్కు గురించి పాఠం చెప్పాలె. పాఠం చెప్పాలంటే ముందుగాల అది పోవాలె."

సారు అబద్ధం చెప్పలేదు. రేగులగడ్డ బడిలో ఆ ఏడాది పాఠాలు అలాగే నడుస్తున్నాయి.

జూన్‌లో పై ఆఫీసు నుంచి 'నేటి వార్త, నేటి రాజ్యాంగం' అనే పథకం దిగింది. పుస్తకాల్లో రాజ్యాంగం చల్లారి ఉంటుందనీ, పేపర్లో అయితే వేడివేడిగా దొరుకుతుందనీ అక్కడ ఎవరికో తట్టింది. మొదట్లో పరంధాములు సారు చాలా సంబరపడ్డాడు. పొద్దున్నే చాయ్ హోటలు నుంచి పేపరు తెచ్చి నేల మీద పరిచేవాడు. పిల్లలు చుట్టూ బోర్లా పడుకుని వార్తలు చదివేవారు, ఎవరిది తప్పని కొట్లాడుకునేవారు. నవనీత కొట్లాడలేదు కానీ ప్రతి ముక్కా చదివేది. ఆ కొన్నాళ్లూ ఆమెకు బడి ఎప్పుడు అయిపోయేదో తెలిసేది కాదు.

తరువాత మార్గదర్శకాలు వచ్చాయి. వాటితో పాటు విశ్వేశ్వరం గారు కూడా వచ్చారు. అంతకు ముందు ఆయన ఇంకుడు గుంతల అధికారి. రాజ్యాంగం కూడా అలాగే, తవ్విన చోటే ఇంకాలని ఆయన నమ్మకం. వార్త ఆ రోజుదే అయి ఉండాలి. ఆ బడి ఉన్న ఊళ్లోనే జరిగి ఉండాలి. ఏ హక్కు పాఠం చెబుతున్నారో ఆ హక్కు గురించే అయి ఉండాలి. ఇందులో ఏది తగ్గినా పాఠం జరగనట్టే పరిగణించబడుతుంది. ఉపాధ్యాయులు దొంగచాటుగా పుస్తకం చూసి చెబుతారేమోనని పాఠ్యపుస్తకాలన్నీ కట్టలు కట్టించి, బీరువాలో పెట్టించి, తాళం చెవి ఆయనే తీసుకున్నారు.

చిక్కల్లా ఏమిటంటే, రేగులగడ్డలో వార్తలు పండవు. సంపత్ విలేకరి అయినప్పటి నుంచి ఆ ఊరి పేరు పేపర్లో వచ్చింది రెండుసార్లు. ఒకసారి బర్రె బావిలో పడిందని, మర్నాడు బర్రె బావిలోంచి బయటికి వచ్చిందని. సారు వెళ్లి అతని జిరాక్స్ షాపు ముందు నిలబడి బతిమాలాడు.

"జరగకుండ ఎట్ల రాస్త సారూ? నాకు గూడ నీతి ఉంటది గద" అన్నాడు సంపత్. "నువ్వు జరిపియ్యి. నేను రాస్త."

అలా మొదటి వార్త జరిగింది. మధ్యాహ్న భోజనంలో ఎడమ వరస పిల్లలకు రెండేసి గుడ్లు వేసి, కుడి వరసకు ఖాళీ కంచాలు మిగిల్చారు. మర్నాడు 'గుడ్డులో వివక్ష' అని పేపర్లో పడింది. సమానత్వపు పాఠం అద్భుతంగా వచ్చింది. పాఠం బాగా అర్థమైందా అని విశ్వేశ్వరం గారు అడిగితే కుడి వరస పిల్లలు తలలూపారు. ఎడమ వరస పిల్లలు తమకు అర్థం కాలేదనీ, ఇంకోసారి చెప్పాలనీ కోరారు.

వాక్ స్వాతంత్ర్యం కోసం ఒక రోజంతా పిల్లల నోళ్లకు చేతిరుమాళ్లు కట్టారు. ఆ రోజుకూ మిగతా రోజులకూ నవనీతకు పెద్ద తేడా తెలియలేదు.

అక్రమ నిర్బంధం దగ్గర కొంచెం చిక్కు వచ్చింది. ఏ నేరమూ లేకుండా మనిషిని లోపల వేయడానికి కానిస్టేబుల్ ఒప్పుకోలేదు. చివరికి సారే గొర్ల కాసే కొమురయ్యను బతిమాలి పంచాయతీ గదిలో కూర్చోబెట్టి తాళం వేశాడు. వార్త వచ్చింది, పాఠమూ అయింది. సాయంత్రం తాళం తీయబోతుంటే విశ్వేశ్వరం గారు ఫోనులోనే ఆపేశారు.

"విడుదల అనేది పరిహారాల అధ్యాయం కిందికి వస్తుంది. అధికరణ ముప్పై రెండు. అది వచ్చే టర్ముకు కేటాయించబడింది. ఇప్పుడే విడిచిపెడితే వచ్చే టర్ము పాఠం లీకైనట్టు కాదా?"

కొమురయ్య ఇంకా లోపలే ఉన్నాడు. గదిలో ఫ్యానుంది కనుక ఆయన పెద్దగా ఏమీ అనలేదు. గొర్లు మాత్రం రోజూ వచ్చి పంచాయతీ మెట్ల మీద నిలబడుతున్నాయి. ఆయన భార్య కిటికీలోంచి అన్నం గిన్నె అందిస్తూ, "ఇంటికాడ ఉన్నప్పుడు గింత యాళ్లకు ఎన్నడన్న తిన్నవా?" అని తిట్టి పోతోంది.

ఇంత చేసేసరికి రేగులగడ్డ బడి జిల్లాలో మొదటి స్థానానికి వచ్చింది. మిగిలింది చదువుకునే హక్కు. అక్కడే బండి ఆగింది. ఊళ్లో బడి ఈడు పిల్లలందరూ బడిలోనే ఉన్నారు. ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి, ఆ పరిస్థితి తెచ్చింది పరంధాములు సారే. బడి తలుపుల మీద నీలం రంగుతో ఏదో నినాదం కూడా రాయించాడు. కానీ ఆ తలుపులు వరండాలోకి తెరుచుకుంటాయి. ఊడ్చే ఆమె పొద్దున్నే తెరిచి గోడకు ఆనించేస్తుంది, పిల్లలంతా పోయాక మూస్తుంది. అందుకని ఆ రాత చదివే అవకాశం ఇప్పటి దాకా గోడకే దక్కింది.

ఎవరో ఒకరిని ఆపాలి. విశ్వేశ్వరం గారు క్లాసుకు వచ్చి, బడి మానడానికి ఎవరు సిద్ధమని అడిగారు. గదిలో చేతులన్నీ లేచాయి. కొందరు రెండు చేతులూ ఎత్తారు. వెనక బెంచీ పిల్లలు "సార్, నేను సార్, రేపటి సంది రాను సార్" అని బెంచీ ఎక్కారు.

ఆయన తల అడ్డంగా ఊపారు. "చదువు మీద ఆసక్తి లేని వారిని ఆపితే అది హక్కు భంగం కాదు. సెలవు అవుతుంది. నిజంగా బాధ కలగాలి. అదే సమయంలో సదరు వ్యక్తి బయట గొడవ చేయకూడదు." అప్పుడు ఆయన చూపు చెయ్యెత్తని ఒకే ఒక్క పిల్ల మీద పడింది. "ఈ అమ్మాయి ఎవరు?"

నవనీత తల వంచుకుంది. పక్కనున్న పిల్లే జవాబు చెప్పింది.

అందుకే ఇప్పుడు ఇంట్లో ఇంత మంది.

"సరే సారూ. మరి మల్ల ఎప్పుడు తోలియ్యాలె?" అని అడిగాడు బాపు.

"పునరుద్ధరణ వచ్చే టర్ములో ఉంటుంది. దసరా సెలవుల తరువాత."

"ఇయ్యాల్నే ఆపాల్నా? మా చిన్నమ్మ కొడుకు పెండ్లున్నది. అదన్న అయిపోతే."

"వీలుపడదు. రికార్డుల ప్రకారం బతుకమ్మ పండుగకు ముందే సదరు బాలికకు పద్నాలుగేళ్లు నిండుతాయి. నిండిన పిమ్మట ఉల్లంఘించడానికి ఆమెకు హక్కే ఉండదు. అందువలననే ఈ తొందర."

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. "మరి మధ్యాన్నం బువ్వ సారూ? బడి బయటుంటే పెడతరా?"

విశ్వేశ్వరం గారు ఆలోచించారు. "ఆహారం వేరే హక్కు. రెండు హక్కులు ఒకే రోజు కలిపి ఉల్లంఘిస్తే పిల్లలు తికమక పడతారు. కాబట్టి పెడతాం. గేటు బయట."

"దసరా దాక ఇంటికాడుంటదంటే..." అని అమ్మ మాట పూర్తి చేయకుండా చాటలోని ఆకును చూసింది. ఇంట్లో ఇంకో జత చేతులుంటే రోజుకు ఎంత ఆకు తెగుతుందో ఆమె అప్పుడే లెక్క కట్టినట్టుంది.

తలుపు చాటున నవనీత నిలబడే ఉంది. బయట అంత మంది పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు కానీ, ఆ రెండు మాటలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆమె పెట్టి చూసింది. తనకు పద్నాలుగు నిండేది బతుకమ్మకు ముందు. హక్కు తిరిగి ఇచ్చేది దసరా తరువాత. అప్పటికి తిరిగి ఇవ్వడానికి ఏముంటుంది? తొమ్మిదో తరగతికి పక్కూరు పోవాలన్న మాట అటుంచి, ఎనిమిదిలోకే మళ్లీ రానివ్వాల్సిన పని ఎవరికీ ఉండదు. బాపు నెంబరుకు భయపడి పంపించాడు. ఆ నెంబరు గడువు అయిపోతుంది.

ఈ మాట చెప్పాలి. ఇప్పుడే, గడప దాటి వెళ్లి చెప్పాలి. నవనీత అడుగు ముందుకు వేసింది. గొంతు మాత్రం వెనకే ఉండిపోయింది.

"అగో, పిల్లనే వచ్చింది" అన్నాడు సంపత్. "చెల్లే, జర ఏడువవా? ఒక్కటే ఫోటో."

అంత మంది మగవాళ్ల ముందు నవనీతకు ఏడుపు రాలేదు. ఏం చేయాలో తెలియక సిగ్గుతో నవ్వు వచ్చింది.

"గట్ల నవ్వితే పత్రికల ఎయ్యరు చెల్లే. నీ కంటే గా మేకపిల్లనే నయం, ఎంత దీనంగ చూస్తున్నది."

"మేక ఈననీకి చూపిచ్చిన బాధ గూడ నువ్వు చూపిస్తలెవ్వు" అని నాయినమ్మ వంత పాడింది.

ఆ పొద్దున్నే అందరూ కలిసి బడి గేటు దాకా నడిచారు. మేకపిల్ల కూడా వెంట వచ్చింది. విశ్వేశ్వరం గారు వాచీ చూసుకుని, "ఇప్పుడు నిలువరించండి" అన్నారు. సారు గేటు మూసి అవతల అడ్డంగా నిలబడ్డాడు. నవనీత సంచి భుజానికి తగిలించుకుని ఇవతల నిలబడింది. ఫోటో తీయడం అయ్యాక అందరూ లోపలికి వెళ్లారు. ఆమె ఇంటికి వచ్చింది.

మర్నాడు పేపర్లో మూసిన గేటు, దాని ముందు తలెత్తి చూస్తున్న మేకపిల్ల, పక్కన ఒక సంచి, సంచి పట్టుకున్న సగం చెయ్యి పడ్డాయి. కింద 'చదువుకు దూరమైన చిన్నారి' అని ఉంది. చాయ్ హోటలు దగ్గర జనం జాలి పడ్డారు. ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి మేకపిల్లను చూసి పోయారు.

అమ్మ ఎక్కడి నుంచో ఇంకో కత్తెర తెచ్చింది. కొత్తది కాదు, కానీ సాన పట్టించింది. చాట ముందు తన పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు చేసింది.

"కూసో బిడ్డా. ఊకె ఉంటే ఏం తోస్తది?"

"ఇప్పుడే వస్తనే" అని నవనీత లేచింది.

దారి పొడుగునా ఒకే మాటను నోట్లో తిప్పుకుంటూ నడిచింది. సార్, దసరా బతుకమ్మ తరువాత గద వస్తది. అంతే. ఇది అడిగితే చాలు, మిగతాది సారుకే తెలిసిపోతుంది. తన పుట్టిన రోజు హాజరుపట్టీలో రాసిందీ సారే, బాపుతో వాదించిందీ సారే. పంచాయతీ దాటుతుంటే కిటికీలోంచి కొమురయ్య పిలిచాడు.

"ఎటు పోతున్నవు బిడ్డా? నువ్వు గూడ వార్తవైనవట గద."

"అయిన పెద్దనాయినా."

"మంచిగున్నదా?"

ఆమె అడుగు వేగం పెంచింది. ఒక గొర్రె మెట్ల మీది నుంచి ఆమెను చూసింది.

గేటు దగ్గర ఎవరూ లేరు. వార్త అయిపోయింది కనుక కాపలా అవసరం తీరిపోయినట్టుంది. ఆమె వరండాలోకి వెళ్లి, గోడకు ఆనించిన తలుపు రెక్క పక్కన నిలబడింది. లోపల పాఠం నడుస్తోంది. గోడ మీద పేపరు ముక్క అతికించి ఉంది. విశ్వేశ్వరం గారు కుర్చీలో ఉన్నారు. ఆయన పక్కన జిల్లా నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన ఉన్నాడు. పరంధాములు సారు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"పిల్లలూ, ఈ వార్తలో సదరు బాలిక ఏం కోల్పోయింది?" అని అడిగారు విశ్వేశ్వరం గారు.

పిల్లలు పేపరు ముక్కను శ్రద్ధగా చూశారు.

"మేకపిల్లను సార్" అన్నాడు ఒకడు.

"కాదు సార్, గుడ్డు" అంది ఎడమ వరసలో ఒకమ్మాయి, ఆశగా.

జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇది ఏ అధికరణ కిందికి వస్తుందో అదైనా చెప్పండి. నెంబరు."

ఎవరికీ తెలియదు. నెంబరు పుస్తకంలో ఉంది. పుస్తకం బీరువాలో ఉంది. తాళం చెవి విశ్వేశ్వరం గారి జేబులో ఉంది. సారు పిల్లల కళ్లలోకి ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు. ఎప్పుడూ నవనీత కూర్చునే చోటి దాకా వచ్చి, ఖాళీ చూసి ఆగిపోయాడు.

"ఇరవై ఒకటి ఏ."

ఆ మాట ఎవరన్నారో మొదట నవనీతకే అర్థం కాలేదు. తాను చెప్పాలని తెచ్చుకున్న మాట అది కాదు. కానీ గొంతు తనదే. గది మొత్తం గుమ్మం వైపు తిరిగింది. పక్కన కూర్చునే పిల్ల నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"భేష్" అన్నాడు జిల్లా పెద్దాయన. "ఎవరమ్మా అది?"

"సదరు బాలిక సార్" అన్నారు పిల్లలంతా ఒకేసారి.

విశ్వేశ్వరం గారు మెల్లగా లేచి నిలబడ్డారు. "జవాబు సరైనదే. అందులో సందేహం లేదు. కానీ హక్కు ఏదో తెలిసిన వారిని బాధితుల వర్గం కింద పరిగణించలేం. పైగా సదరు బాలిక ఈ గదిలో జవాబు చెప్పినట్టు నమోదైతే ఆమె చదువుకు దూరం కానట్టే అవుతుంది. అప్పుడు నేటి వార్త అబద్ధమవుతుంది. వార్త అబద్ధమైతే పాఠం జరగనట్టే. జవాబును మాత్రం స్వీకరిద్దాం. పిల్లలూ, రాసుకోండి."

పిల్లలు రాసుకోసాగారు.

పరంధాములు సారు గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఇంత దగ్గరగా ఆయన మొహం చూసి నవనీతకు ధైర్యం వచ్చింది. ఒకసారి తెరుచుకున్న గొంతు ఇంకా తెరుచుకునే ఉంది.

"సార్, దసరా బతుకమ్మ తరువాత గద వస్తది" అంది.

సారు చెయ్యి తలుపు రెక్క మీద ఆగింది. ఆయన పెదవులు కదిలాయి. నెలలు లెక్కపెట్టుకుంటున్నట్టుంది. తరువాత ఆమె వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. ఎండాకాలం వాళ్లింట్లో నిలబడి బాపుతో వాదించినప్పుడు ఎలా ఉన్నాడో, ఒక్క క్షణం అలాగే కనిపించాడు.

"పరంధాములు గారూ, తలుపు" అన్నారు వెనక నుంచి విశ్వేశ్వరం గారు.

"పాఠం అయిపోనియ్యి బిడ్డా" అన్నాడు సారు, ఆమెకు మాత్రమే వినపడేలా. "మొదటి ర్యాంకు పోతది."

ఆయన గోడకు ఆనుకున్న రెక్కలను ఒకటి తరువాత ఒకటి లోపలికి లాక్కున్నాడు. అవి వచ్చి మధ్యలో కలిశాయి. ఇన్నాళ్లూ గోడ ఒక్కటే చదివిన నీలం అక్షరాలు మొదటిసారి వరసగా నవనీత మొహానికి ఎదురుగా నిలబడ్డాయి. ఎడమ రెక్క మీద 'బడి ఈడు పిల్లలంతా' అనీ, కుడి రెక్క మీద 'బడిలోనే ఉండాలి' అనీ ఉంది. ఆమె పూర్తిగా చదివేదాకా ఆగినట్టు, అప్పుడు లోపల గొళ్లెం పడింది.